కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి

విశ్వవిద్యాలయాల్లో సభలు జరిపించే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, హాలు నింపడం ఎలాగో చెప్పమని అడుగుతుంటారు. ఆ విద్యలో కృష్ణకి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా నన్ను మించినవాడు లేడని వాళ్లకెవరో చెప్పారట. చెప్పినాయన అబద్ధం ఆడలేదు. కాకపోతే ఆ విద్య నేనెందుకు మానేశానో, ఏభై ఐదేళ్లకే స్వచ్ఛంద విరమణ పుచ్చుకుని గుణదలలో మేడ మీద మొక్కలకు నీళ్లెందుకు పోసుకుంటున్నానో చెప్పి ఉండడు. అది నేనే చెప్పుకోవాలి. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. ఒక పేరు రాయకూడని చోట రాసినందుకే ఇదంతా జరిగింది.

మాది అంతర్జాతీయ అధ్యయనాల కేంద్రం. పేరు వింటే గుమ్మంలో అన్ని దేశాల జెండాలూ రెపరెపలాడుతున్నట్టు ఉంటుంది గానీ, ఉన్నవి రెండు గదులు, ఒక గ్లోబు. ఆ గ్లోబు మీద విజయవాడ లేదని నాకు ముందు పనిచేసిన సూపరింటెండెంటు గారు ఎర్ర సిరాతో ఓ చుక్క పెట్టారు. మా వేసవికి ఆ చుక్క చెమర్చి చెమర్చి, నేను చేరేనాటికి విజయవాడ శ్రీలంక అంత అయింది. నేను బయటికి వచ్చేనాటికి బర్మాని తాకింది.

కేంద్రం పని నెలకొక బహిరంగ సభ. ప్రపంచంలో జరుగుతున్నది ఉపాధ్యాయులకీ, విద్యార్థులకీ, సమాజానికీ విడమరిచి చెప్పాలి. ఉపాధ్యాయులు సర్టిఫికెట్టు కోసం వస్తారు. విద్యార్థులు హాజరు కోసం వస్తారు. సమాజం మాత్రం మే నెలలో ఏసీ కోసం వస్తుంది, మిగతా పదకొండు నెలలూ రాదు. ఉత్తర ధ్రువంలో మంచు కరగడం గురించి మే నెలలో పెట్టిన సభకు బెంజిసర్కిల్ దాకా లైను కట్టారు. సభ అయ్యాక కూడా ఎవరూ లేవకపోతే, ఏసీ ఆపించి లేపాం.

చిక్కేమిటంటే, సభ అయ్యాక మేము పైకి పంపే నివేదికలో సమాజానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. వచ్చినవాళ్లలో మూడోవంతు సమాజమే కావాలి. మా డైరెక్టర్ మేడమ్ చాలా చదువుకున్నావిడ, మంచి మనిషి. ఆవిడ ఒకటే మాట అనేవారు: "నాకు ఫిగర్ కావాలండీ. ఎలా తెస్తారో నాకు చెప్పొద్దు."

నేను చెప్పేవాణ్ని కాదు. సంతకం రాని సమాజం వేలిముద్ర వేస్తుంది. నాకు పది వేళ్లున్నాయి. బొటనవేలిని నిలువుగా నొక్కితే ఒక రైతు, అడ్డంగా నొక్కితే ఆయన తమ్ముడు. చిటికెన వేలు ముసలమ్మ. ఇలా నా రెండు చేతుల్లో కంకిపాడు నుంచి కైకలూరు దాకా జనాభా ఉండేది. స్టాంపు ప్యాడు పట్టుకునేవాడు మా జూనియర్ అసిస్టెంటు. వన్ టౌన్లో తరతరాలుగా తాళాల కొట్టు నడిపే ముస్లిం కుటుంబం వాళ్లది. నలభై దాటిన మనిషి, ముగ్గురాడపిల్లల తండ్రి, నవ్వకుండా జోకులు వేస్తాడు. "సార్, ఈసారి టార్గెట్ ఎక్కువుంది, చెప్పులు కూడా విప్పుతారాండీ" అనేవాడు.

ఇంతవరకూ చదివి నవ్వుకుని ఉంటే బాగానే ఉంది. నేనూ నవ్వుకుంటూనే చేశాను.

ఒక ఫిబ్రవరిలో సముద్ర సరిహద్దుల మీద సభ పెట్టాలని మేడమ్ నిర్ణయించారు. సముద్రం గురించి సముద్రం పక్కనే మాట్లాడాలి కదా అని, బందరు దాటాక తీరంలో ఉన్న ఓ జాలరి ఊళ్లో, తుపాను షెల్టర్‌లో వేదిక వేశాం. స్తంభాల మీద లేచిన పెద్ద కాంక్రీటు హాలు, కిటికీలకు తలుపుల్లేవు, ఒకవైపు అంతా సముద్రమే. వక్తను ఢిల్లీ నుంచి రప్పించి గన్నవరంలో విమానం దింపాం. ముప్పై ఏళ్లుగా సముద్ర చట్టాల మీద పుస్తకాలు రాస్తున్న ఆయన సముద్రాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదట. బూట్లతోనే నీళ్లలోకి నడిచి, సభలో గంటన్నరసేపు తడి మేజోళ్లతో మాట్లాడాడు.

చక్కగా మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్ల మీద గీత కనబడదు గానీ, గాలికి కొట్టుకుపోయి దాటినవాడికి మాత్రం జైలు కనబడుతుందన్నాడు. పరాయి దేశం పట్టుకుంటే కొన్నిసార్లు నెలల తరబడి కబురే ఉండదనీ, ఇంటివాళ్లు ఆశ వదులుకున్నాక మనిషి తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయనీ చెప్పాడు. మా జూనియర్ దాన్ని తెలుగులోకి మార్చి మైకులో చెప్పాడు. ముందు వరుసల్లో స్కూలు పిల్లలు నోట్సు రాసుకున్నారు.

బస్సుల్లో తెచ్చిన ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఉన్నారు గానీ, ఆ ఊరి సమాజం లేదు. చేపలు బాగా పడుతున్న రోజులు, మగవాళ్లంతా వేటలో ఉన్నారు, ఆడవాళ్లు చేపల రేవులో ఉన్నారు. పదకొండు మంది ముసలివాళ్లు వచ్చారు, అందులో ఇద్దరు నిద్రకి. నాకు ఏభై మంది కావాలి. ఆ ఊరి సోషల్ మాస్టారు, వారం క్రితమే బదిలీ మీద వచ్చినాయన, స్కూలు బీరువాలోంచి మత్స్యకారుల సంఘం సభ్యుల పాత జాబితా ఒకటి తెచ్చిచ్చారు. ఇంకేం కావాలి? షెల్టర్ మెట్ల మీద కూర్చుని, జాబితాలోంచి వరసగా ముప్పై తొమ్మిది పేర్లు ఎక్కించి, వేళ్లు నొక్కుకుంటూ పోయాను. వాటిలో ఒక పేరు దగ్గర సిరా చల్లగా తగిలిందని రాయాలనిపిస్తోంది. తగిలిందో, ఇప్పుడు కల్పిస్తున్నానో నాకే తెలియదు. కల్పించడం నాకు ఉద్యోగం కంటే పాత అలవాటు.

ఒకటి మాత్రం కల్పన కాదు. నూట యాభై పులిహోర పొట్లాలు తెప్పించాం. వచ్చినవాళ్లు నూట పదకొండు మంది. పొట్లం ఒక్కటి కూడా మిగల్లేదు. పిల్లలు రెండేసి పట్టుకెళ్లుంటారని అనుకుని ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

కాగితం మీద ఉన్న ప్రతి పేరుకీ సర్టిఫికెట్టు అచ్చు వేయించడం మా కేంద్రం పద్ధతి. గుండ్రటి సీలు, మేడమ్ సంతకం, మధ్యలో "ఈ సదస్సులో ఆద్యంతం పాల్గొన్నారు" అని వంకీలు తిరిగిన అక్షరాలు. మామూలుగా సమాజం సర్టిఫికెట్లు మా బీరువాలోనే ఉండిపోయేవి. ఈసారి మాస్టారు కొత్త ఉత్సాహంలో ఉన్నారు. కట్ట మొత్తం తీసుకెళ్లి, ఎవరి ఇంటి పేరువి వాళ్ల పిల్లల చేత ఇళ్లకు పంపించేశారు.

మార్చి మధ్యలో ఒక మధ్యాహ్నం మా గది గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో మా సర్టిఫికెట్టు, తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. ఆవిడ వెనకాల భర్త అన్నగారు, ఏభై ఏళ్ల మనిషి, చెప్పులు వరండాలో విడిచి లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగిపోయాడు.

"ఇది మీరిచ్చిందేనాండీ?" అంది.

మేమేనమ్మా అన్నాను, కాస్త గర్వంగా కూడా.

"అయితే చెప్పండి. మా ఆయన ఎక్కడ కూర్చున్నాడండీ?"

నాకు అర్థం కాలేదు. బావగారే చెప్పాడు, నేల చూస్తూ. కార్తీకమాసంలో వాయుగుండం పట్టినప్పుడు ముగ్గురు మనుషులతో ఒక పడవ పోయింది. ఇద్దరు నాలుగో రోజున శవాలై ఒడ్డుకి కొట్టుకొచ్చారు. మూడోవాడు ఈయన తమ్ముడు, రాలేదు. మూడు నెలలు చూసి, ఇక పెద్దలంతా కూర్చుని, రాబోయే అమావాస్యకి దర్భలతో మనిషిని కట్టి కర్మ చేసేద్దామని అనుకున్నారు. ఆవిడ కూడా చివరికి తల ఊపింది. ఆ వారంలోనే స్కూలు పిల్ల ఒకతె ఈ కాగితం తెచ్చి ఇంట్లో ఇచ్చింది. పడవ పోయిన మూడు నెలల తర్వాతి తేదీ, కింద గుండ్రటి సీలు.

"పొరపాటయ్యుంటదని నేను చెప్పానండీ," అన్నాడు ఆయన. "పెద్ద కాలేజీ వాళ్లకి పొరపాటేంటి బావగారూ అంటది. కర్మ ఆపించేసింది. మీరే ఒక ముక్క చెప్పండి, మీ మాటైతే వింటది."

ఒక్క ముక్క. 'పొరపాటమ్మా' అంటే సరిపోయేది. ఆవిడ ఏడ్చేది, ఇంటికెళ్లేది, అమావాస్యకి జరగాల్సింది జరిగేది. కానీ పక్క గదిలో మేడమ్ ఫోన్లో మాట్లాడుతున్నారు. కేంద్రాన్ని ఉంచాలో మూసెయ్యాలో తేల్చే కమిటీ వచ్చే నెలలో వస్తోంది. ఫిబ్రవరి సభకి సమాజం ఎంత బాగా స్పందించిందో ఆవిడ గట్టిగా వర్ణిస్తున్నారు. ఆ గోడకి ఇవతల కూర్చుని 'ఆ సమాజం నేనే' అనడం ఎలా?

జనం చాలామంది వచ్చారమ్మా, అందరూ గుర్తుండరు అన్నాను. అక్కడికి ఆపితే నేను నేనెందుకవుతాను? ఆవిడ ముఖం చూసి, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలనిపించింది. వెనకాల, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాయనేమో, సన్నగా ఉంటాడు కదా అన్నాను.

"సన్నగానే ఉంటాడండీ," అంది.

మా జూనియర్ బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు తల లోపలికి పెట్టేశాడు. ఆవిడ హాజరు కాగితం చూపించమంది. ఫైలు తీయక తప్పలేదు. ఆ పేరు దగ్గర వేలు ఆనించి, ముద్ర మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఇదిగో బావగారూ, గీత. వల తాడు కోసుకున్న గీత."

ముద్ర మధ్యలో నిజంగానే అడ్డంగా తెల్లటి గీత ఉంది. బల్ల కింద నా ఎడమచెయ్యి తిప్పి చూసుకున్నాను. ఉంగరం వేలు మీద, కత్తిపీటకి తెగిన మచ్చ.

ఆవిడ జిరాక్స్ కావాలంది, ఇచ్చాం. వెళ్లేముందు తనకి తనే చెప్పుకుంటున్నట్టు చెప్పింది: ఆ రోజుల్లో తను పుట్టింట్లో ఉందట, ఇంటికి తాళం వేసుందట. వచ్చి చూసి ఉంటాడు, ఎవరూ లేకపోతే, జనం కనబడినచోటికి వెళ్లి కూర్చుని ఉంటాడు. వేరే దేశం పట్టుకుంటే నెలల తరబడి కబురుండదని మీ సభలోనే చెప్పారంట కదండీ అంది. నేను తల ఊపాను. బావగారు మాత్రం ఊపలేదు. చెప్పులు వేసుకుంటూ నా వైపు ఒకసారి చూశాడు. ఆయనకి ఆ పూటే తెలిసిపోయిందని నా అనుమానం.

పిల్లలూ, నా కల్పనలకి ఒక మంచి గుణం ఉంది. నేను చెప్పినంతవరకే ఉంటాయి, నేను ఆపితే ఆగుతాయి. ఇది ఆగలేదు.

వారం తిరక్కుండా మాస్టారు ఫోన్ చేశారు. ఆవిడ భర్త ఫోటో పట్టుకుని స్కూలుకి వచ్చిందట. "కిటికీ పక్కనాయన గురించేనాండీ? నాకూ బాగా గుర్తుంది. చొక్కా తడిసి ఉంది కదాండీ." తడి సంగతి నేనెవరికీ చెప్పలేదు. పొట్లాలు పంచిన వ్యాను డ్రైవరు, ఒకాయన ఇంటికని చెప్పి రెండోది అడిగి పుచ్చుకున్నాడన్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు, ఆయన ప్రశ్న అడగడానికి చెయ్యి ఎత్తాడనీ, మైకు అటు రాలేదనీ చెప్పాడు. మేము నివేదికలో పెట్టి, మాస్టారికీ పంపిన ఫోటోలో, వెనకాల కిటికీ వెలుతురులో, తలలాంటిది ఒకటి కనబడుతోందని ఆవిడ మా జూనియర్ ఫోన్‌కి పంపింది. ఇద్దరం గది తలుపు దగ్గరేసి పెద్దది చేసి చూశాం. పెద్దది చేసేకొద్దీ మనిషి పోయి మచ్చ మిగులుతోంది. చిన్నది చేస్తే మళ్లీ మనిషి వచ్చి కూర్చుంటున్నాడు.

"సార్, చెప్పేద్దామండి," అన్నాడు జూనియర్.

కమిటీ వెళ్లనివ్వు అన్నాను.

"తప్పు చేశామని కాదండి. నాకు కూడా గుర్తొస్తున్నాడు సార్. మైకులో చెప్తుంటే నా వైపే చూస్తున్నట్టు. మొన్నటిదాకా లేదండి. ఇప్పుడుంది." ఇది చెప్పేటప్పుడు అతని మొహంలో జోకు లేదు.

నేను గద్దించాను. బుద్ధి ఉండాలి, ఆ కుర్చీ నేను పుట్టించిందోయ్ అన్నాను. కానీ రెండు రోజుల తర్వాత, పట్టపగలు, ఏలూరు రోడ్డు మీద సిటీబస్సులో నిలబడి ఉండగా, ఏ కారణం లేకుండా నాకొక చెయ్యి గుర్తొచ్చింది. పొట్లం అందుకుంటున్న చెయ్యి. మణికట్టు మీద ఉప్పు కట్టి తెల్లగా ఉంది. ఆ పూట నేను ఎవరికీ పొట్లాలు ఇవ్వలేదు. మెట్ల మీద కూర్చుని వేలిముద్రలు వేస్తున్నాను. అది తెలిసి కూడా చెయ్యి పోలేదు. మర్నాటికి చొక్కా కాలరు కనబడింది. ఆ మర్నాటికి మెడ.

ఏప్రిల్లో మేడమ్ సంతోషంగా మా గదిలోకి వచ్చారు. ఆ ఊరివాళ్లు మళ్లీ సభ పెట్టమని అర్జీ పంపారట, ఇద్దరు ముగ్గురు కాదు, ఊరంతా సంతకాలు పెట్టి. పాతికేళ్ల సర్వీసులో సమాజం మా సభ కావాలని అడగడం ఇదే మొదలు. "చూశారా, మన వర్క్ ఎంత లోపలికి వెళ్లిందో. కమిటీని అక్కడికే తీసుకెళ్దాం," అన్నారు. ఎంత లోపలికి వెళ్లిందో ఆవిడకి తెలియదు.

అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే బోర్లించి ఉన్నాయి, మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. మేము వెళ్లేసరికి పొద్దున పది దాటింది, హాలు నిండిపోయింది. నేను ఎన్నో హాళ్లు నింపాను గానీ, నిండిన హాలు ఇలా ఉంటుందని నాకు తెలియదు. కుర్చీలు చాలక గోడల వెంట మూడు వరసల్లో నిలబడ్డారు, మెట్ల మీద నిలబడ్డారు, కిటికీల బయటి వరండాలో తలలు. ఒక్కరూ దగ్గలేదు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ఎవరూ వేదిక వైపు చూడలేదు. అందరి చూపూ వెనకాల, మూడో కిటికీ పక్కన ఉన్న ఒక్క కుర్చీ మీద. కుర్చీ ఖాళీగా ఉంది. వీపుకి ఒక గళ్ల చొక్కా తగిలించి, సీటు మీద తువ్వాలు మడతపెట్టి ఉంది. పక్క కుర్చీలో ఆవిడ.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన నా చెవిలో, ఇంత శ్రద్ధగల శ్రోతలను దేశంలో ఎక్కడా చూడలేదన్నాడు.

వక్త మాట్లాడడం మొదలుపెట్టాడు. ఈసారి వేరే ఆయన, శరణార్థుల మీద. ఐదు నిమిషాల్లో ఆయన గొంతు తగ్గింది, ఎవరి ఇంట్లోనో అనుమతి లేకుండా మాట్లాడుతున్నట్టు. ఇంతలో మామూలుగానే సంతకాల కాగితం, ప్యాడు ముందు వరస నుంచి వెనక్కి ప్రయాణం చేశాయి. చేతులు మారుతూ మారుతూ ఆవిడ దాకా వెళ్లాయి. ఆవిడ తన పేరు దగ్గర ముద్ర వేసింది. తర్వాత ఆ కాగితాన్ని పక్క కుర్చీ మీద, తువ్వాలు మీద పెట్టింది. ప్యాడు మూత తెరిచి పక్కన ఉంచింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కాగితం అక్కడే ఆగింది. వెనక వరసవాళ్లు ఎవరూ ఇలా ఇవ్వమని చెయ్యి చాపలేదు. వాళ్లూ ఎదురుచూశారు. వక్త ఆగిపోయాడు. బయట సముద్రం చప్పుడు ఉందో లేదో నాకు గుర్తులేదు, లేదనే అనిపిస్తుంది. కాగితం ఎందుకు కదలట్లేదని కమిటీ పెద్దాయన మేడమ్‌ని అడిగారు. మేడమ్ నా వైపు చూశారు. గుమ్మంలో నిలబడ్డ బావగారు అందరిలా కుర్చీని చూడట్లేదు. నన్నే చూస్తున్నాడు.

ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంటే, ఆ హాల్లో ఎవరో ఒకరు ఆ కాగితం మీద ముద్ర పడడం చూసేవాళ్లు. మొదట చూసేది నేనే అయ్యుండేవాణ్నేమో. అందుకే లేచాను. ధైర్యం వచ్చి కాదు.

ఆ కుర్చీ దాకా నడవడానికి కృష్ణా బ్యారేజీ మూడుసార్లు అటూ ఇటూ నడిచినంత సేపు పట్టింది. ఆవిడ ముందు నిలబడి చెప్పాను.

"ఆ వేలిముద్ర నాదమ్మా."

నేను పిలవకుండానే జూనియర్ వచ్చి పక్కన నిలబడి, ప్యాడు చేతిలోకి తీసుకుని, ఎప్పటిలాగే పట్టుకున్నాడు. ఎడమచేతి ఉంగరం వేలు తడిపి, ఆ కొత్త కాగితం మీద ఖాళీ గడిలో నొక్కాను. ఆవిడ రవికెలోంచి జిరాక్స్ తీసింది. మడతలు నలిగి పీచులా అయిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. నా చెయ్యి పట్టుకుని, వేలిని కిటికీ వెలుతురుకి తిప్పి మళ్లీ చూసింది.

"అయితే ఇన్నాళ్లూ దిండు కింద పెట్టుకుంది మీ వేలాండీ."

కోపంగా కాదు. దారి అడిగినవాళ్లు సరిగ్గా విన్నామో లేదో మళ్లీ అడిగినట్టు అడిగింది.

నాదేనమ్మా అన్నాను. కూర్చున్న చోటు కూడా నేనే కల్పించానన్నాను. మరి మాస్టారు చూశానన్నారు కదాండీ అంది. మాస్టారు లేచారు. కిటికీ వైపు చూసి మళ్లీ కూర్చున్నారు.

ఫిబ్రవరి ఫైలు కమిటీకి చూపించడానికని వెంటే తెచ్చాం. ఆవిడ దాన్ని తెమ్మంది. జూనియర్ తెచ్చాడు. ఆ పేరు దగ్గర పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"మీరే రాశారుగా. మీరే కొట్టెయ్యండి."

పెన్ను తీశాను. ముప్పై తొమ్మిది పేర్లు రాయడానికి పావుగంట పట్టలేదు. ఒక పేరు మీద గీత గీస్తూ రెండుసార్లు ఆగాను. పక్కన నిలబడ్డ బావగారు, తమ్ముడి పేరు మీద గీత చివరిదాకా వెళ్లేవరకూ చూసి, అప్పుడు మొహం తిప్పుకున్నాడు.

తర్వాత నాకేమైందన్నది చిన్న సంగతి. కమిటీ అక్కడే లేచి వెళ్లిపోయింది. మేడమ్ కారులో విజయవాడ దాకా నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత కూడా మాట్లాడలేదు. అందులో ఆవిడ తప్పేం లేదు. కేంద్రాన్ని రాజనీతి శాస్త్రంలో కలిపేశారు. నాకు మెమో, విచారణ, ఆపైన నా అంతట నేనే రాసిచ్చిన విరమణ. జూనియర్ ప్యాడు పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదని రాసిచ్చి అతన్ని బయటపడేశాను. అతను మాత్రం విచారణలో, ఆ ముద్రల్లో కొన్నింటికి తన వేళ్లు కూడా వాడానని చెప్పాడట. అది అబద్ధం. నా దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్కటే అయ్యుంటుంది.

మీకు చెప్పాల్సింది ఇదేదీ కాదు. గీత కొట్టాక, ఆవిడ లేచి కుర్చీ వీపు మీది చొక్కా తీసింది. తువ్వాలు దులిపి మడిచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఆ రోజు ఈ కుర్చీలో ఎవరూ లేరాండీ? అసలెవరూ?"

హాలంతా నా వైపు తిరిగింది. నేను ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాను. తడిసిన కాలరు, నాలుగు రోజుల గడ్డం, ఉప్పు కట్టిన మణికట్టు, విప్పకుండా ఒళ్లో పెట్టుకున్న పొట్లం. వేదిక వైపు కాకుండా కిటికీలోంచి తన ఇంటి వైపు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మ ముఖం కూడా నాకు ఇంత స్పష్టంగా గుర్తులేదు. ఈనాటికీ అతన్ని ఎక్కడ చూసినా పోల్చుకోగలను.

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తల ఊపింది. చొక్కా చంకలో పెట్టుకుంది.

"పదండి బావగారూ," అంది. "అమావాస్య ఎల్లుండే కదా."